పళ్ళపొడి పాటలో మూడో లైను

ఐరాల హైస్కూల్లో పాత విద్యార్థులంతా కలిసిన రోజున జయరావు స్టేజీ ఎక్కి ఒక పళ్ళపొడి పాట పాడాడు.

జయరావు తిరుపతిలో యూనివర్సిటీ ఆఫీసులో సూపరింటెండెంటు. యాభై ఏళ్ళ మనిషి. ఫైళ్ళ మీద 'పరిశీలించి పంపగలరు' అని రాయడం తప్ప అతనికి ఇంకో విద్య వచ్చని ఆఫీసులో ఎవరికీ తెలీదు. ఆ రోజు భోజనాలయ్యాక ఎవరో మైకు చేతికిచ్చి, "జయప్పా, చిన్నప్పటిది ఏదైనా ఒకటి వదులబ్బా" అన్నారు. సినిమా పాటలు అప్పటికే నలుగురు పాడేశారు. జయరావు కళ్ళు మూసుకుని ఇది అందుకున్నాడు.

"కమలం కమలం పళ్ళపొడి
కాస్తంత వేస్తే చాలునండి
జయా జయా అని తోమితే
జాజిమల్లెలు పూసేనండి!"

హాలు గొల్లుమంది. బట్టతలల వాళ్ళు, జుట్టుకు రంగు వేసుకున్న వాళ్ళు అందరూ బల్లలు చరిచారు. వాళ్ళ చిన్నతనంలో ఆ పళ్ళపొడి చిత్తూరులో తయారయ్యేది. గులాబీ రంగు పొడి, చిన్న రేకు డబ్బా, మూత మీద తామరపువ్వు. ప్రతి సంత రోజూ ఒక జీపు రెండు మైకు గొట్టాలు కట్టుకుని ఐరాల వీధుల్లో తిరిగేది. ఆ గొట్టాల్లోంచి ఒక ఆడపిల్ల గొంతు ఈ పాట పాడేది. అది చెవిన పడితే పిల్లలు అన్నం ముద్ద నోట్లో ఉండగానే వీధిలోకి పరిగెత్తేవాళ్ళు. కంపెనీ మూతపడి ముప్పయ్యేళ్ళు దాటింది. పాట మాత్రం ఆ హాల్లో ఉన్న వాళ్ళ బుర్రల్లో ఏదో మూల చెక్కుచెదరకుండా ఉంది.

ఎవరో వీడియో తీసి 'ఐరాల పాత బడి' అనే వాట్సాప్ గ్రూపులో పెట్టారు. నూట నలభై మంది ఉన్న గ్రూపు. చప్పట్ల బొమ్మలు వరసకట్టాయి. వాటి మధ్యలో ఒక మెసేజి వచ్చింది.

"పాడింది బాగుంది. కానీ మూడో లైను, నాలుగో లైను తప్పు. సరైన పాఠం: 'పంకజాక్షి నవ్వితే, పచ్చి టెంకాయ తెలుపండి.' గమనించగలరు."

పెట్టింది జయరావు అక్క పంకజాక్షి. అతనికంటే మూడేళ్ళు పెద్దది. ఆమెదీ అదే బడి. ఇప్పుడు చిత్తూరులో తెలుగు టీచరు. పరీక్షల డ్యూటీ పడి కలయికకు రాలేకపోయింది.

జయరావు వెంటనే ఫోన్ చేశాడు.

"అక్కా, అందరి ముందర నా పరువు తీస్తావా? నాకు ఫోన్ చేసి సెప్పకూడదా?"

"తప్పు అందరి ముందర పాడినావు. దిద్దేది మాత్రం చాటుగా దిద్దాల్నా?"

"తప్పు నీది. పళ్ళపొడి పాటలో నీ పేరెట్లొస్తాదక్కా?"

"అది నా పేరు కాదురా. పంకజమంటే తామరపువ్వు. కమలమన్నా అదే. రాసినాయనకు భాష తెలుసు కాబట్టి అట్ల కలిపినాడు. నీ మాదిరి జయా జయా అని తోముకుంటే పళ్ళు తెల్లగైతాయా? ఏమన్నా అర్థముండాదా దానికి?"

"జయమంటే గెలుపు."

"పళ్ళు తోముకోని ఎవురి మీద గెలుస్తావురా?"

జయరావు ఫోన్ పెట్టేశాడు.

ఇద్దరికీ అంత పట్టుదల రావడానికి వెనకాల ఒక సంగతి ఉంది. ఇద్దరూ దాన్ని పైకి చెప్పుకోలేదు. ఆరేడేళ్ళ వయసులో పంకజాక్షికి జిల్లా అంతా తిరిగే ఆ జీపు తన పేరే పాడుతోందని గట్టి నమ్మకం. ఆ నమ్మకంతోనే ఆమె బళ్ళో మొదటి బెంచీలో కూర్చునేది. అచ్చంగా అలాంటి నమ్మకమే జయరావుకీ ఉండేది. పెద్దయ్యాక మాటల అర్థాలు తెలిసి ఇద్దరూ ఎవరికి వాళ్ళు సర్దుకున్నారు కానీ, పాటలోంచి ఆ మాట తీసేస్తే మాత్రం ఒప్పుకునేట్టు లేరు.

సాక్ష్యం కోసం జయరావు చిన్నబ్బకు ఫోన్ చేశాడు. అప్పట్లో ఆ జీపు తోలింది చిన్నబ్బే. ఇప్పుడు డెబ్భై అయిదు దాటాయి. ఐరాలలో కొడుకు నడిపే మైకుసెట్ల అంగడి ముందర కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. జయరావు తన పాట పాడి వినిపించాడు.

"నువ్వన్నదే రైటు జయప్పా" అన్నాడు చిన్నబ్బ.

మరునాడు పంకజాక్షి చేసింది. తన పాట పాడింది.

"నువ్వన్నదే రైటు తల్లీ" అన్నాడు చిన్నబ్బ.

ఒకే రోజు పొద్దున ఇద్దరూ 'జీపు డ్రైవరే ఒప్పుకున్నాడు' అని గ్రూపులో పెట్టారు. గ్రూపు రెండుగా చీలింది. ఆడవాళ్ళు చాలామంది టెంకాయ వైపు, మగవాళ్ళు జాజిమల్లెల వైపు చేరారు. దుబాయిలో ఉన్న ఒకాయన, అది పళ్ళపొడి పాట కాదు, తలనూనె పాట అన్నాడు. ఆయన్ని రెండు వర్గాలూ కలిసి తిట్టాయి. మూడో రోజు గ్రూపు పెద్ద 'పళ్ళకు సంబంధించిన మెసేజులు ఇక పెట్టరాదు' అని ఆర్డరు వేశాడు.

గ్రూపులో గొడవ ఆగింది. అక్కాతమ్ముళ్ళ మధ్య మాటలు కూడా ఆగిపోయాయి. రెండు నెలలు అలాగే గడిచాయి. వాళ్ళమ్మ చంద్రకాంతమ్మ జయరావు దగ్గరే ఉంటుంది. పంకజాక్షి ఫోన్ చేస్తే ఆమెకే చేసేది. "వానితో రొంత మాట్లాడు" అని ఆమె ఫోన్ అందిస్తే జయరావు బాత్రూంలోకి దూరేవాడు. ఏం జరిగిందని ఆమె ఎంత అడిగినా ఇద్దరూ నోరు విప్పలేదు. యాభై దాటిన మనుషులు పళ్ళపొడి పాట కోసం కొట్లాడుకున్నామని కన్నతల్లికి ఏ ముఖంతో చెప్పేది?

రెండో శనివారం సెలవు వచ్చింది. చిన్నబ్బ చేత కాగితం మీద రాయించుకుని సంతకం తీసుకోవాలని జయరావు పొద్దున్నే బస్సెక్కి ఐరాల చేరాడు. మైకుసెట్ల అంగడి ముందర చిన్నబ్బ కుర్చీలో లేడు. లోపల స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. అతని ఎదురుగా, చేతిలో కాగితమూ పెన్నూ పట్టుకుని పంకజాక్షి ఉంది.

"ఓ, వచ్చినావా?" అంది పంకజాక్షి. రెండు నెలల తర్వాత తమ్ముడితో ఆడిన మొదటి మాట అది.

జయరావు ఆమెను చూడనట్టే చిన్నబ్బ వైపు తిరిగాడు. "సెప్పు చిన్నబ్బా. నాతో ఏం సెప్పినావు?"

"నీది రైటని సెప్పినాను."

"నాతో?" అంది పంకజాక్షి.

"నీదీ రైటేనని సెప్పినాను."

"రెండూ ఎట్ల రైటైతాయి? పాట ఒకటే గదా!"

చిన్నబ్బ భుజం మీది తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూశాడు. ఏదో చెప్పబోయి మింగేశాడు. "నన్ను వదిలిపెట్టండమ్మా. నేను స్టీరింగు తిప్పినోణ్ణి. మీకంత కావాలంటే పాడినామె ఉండాది గదా, ఆమెనడగండి."

ఇద్దరూ ఒక్కసారే ముందుకు వంగారు. "పాడినామె ఉండాదా? యాడ?"

"చిత్తూర్లోనే. రూతు అని, నర్సుగా చేసి రిటైరైనాది. చర్చి వెనకాల సందులో ఇల్లు."

చిత్తూరు బస్సులో అక్క ముందు సీట్లో, తమ్ముడు వెనక సీట్లో కూర్చున్నారు. దారిలో ఒకే ఒక మాట నడిచింది. ఓడిపోయిన వాళ్ళు గ్రూపులో పేరు రాసి క్షమాపణ చెప్పాలి. "సరే" అంది పంకజాక్షి వెనక్కి తిరక్కుండానే. "సరే" అన్నాడు జయరావు ఆమె జడ వైపు చూసి.

రూతుకు అరవై మూడేళ్ళు. సన్నగా, నిటారుగా ఉంది. తెల్లచీర. ముందు గదిలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. తలుపు దగ్గర ఎవరో ఇద్దరు కొత్తవాళ్ళు ఒకరినొకరు తోసుకుంటూ వచ్చి నిలబడితే, ఆస్పత్రి అలవాటు కొద్దీ, "ఎవురికి బాగలేదు?" అని అడిగింది.

విషయం చెప్పారు. రూతు చిక్కుడుకాయలు పక్కన పెట్టింది. తర్వాత నవ్వు మొదలైంది ఆమెకు. ఆగలేదు.

"నలభై ఏడేండ్లప్పా! నేను పాడినానని నా పిల్లోళ్ళకే తెలీదు. మీరెట్ల పట్టుకున్నారు నన్ను?"

ఇద్దరికీ కాఫీ ఇచ్చి, ఆ కథంతా చెప్పింది. అప్పుడామెకు పదహారేళ్ళు. చర్చిలో పాడుతుంటే కంపెనీ ఆయన విన్నాడు. వాళ్ళ నాయన్ని బతిమాలి ఒప్పించి, ఒక మేడింటికి పిలుచుకుపోయాడు. బయటి చప్పుడు రాకుండా కిటికీలకు బొంతలు కట్టారు. గాలి చప్పుడు పడుతుందని ఫ్యాను ఆపేశారు. మే నెల. రెండుసార్లు బాగా పాడింది కానీ, రెండుసార్లూ ఆఖర్న పక్కింటి కోడి కూసింది. ఆ కోడిని పట్టుకుని బుట్ట కింద మూసి వచ్చాక మూడోసారి కుదిరింది.

"డజను డబ్బాలు ఇచ్చి పంపినారు. మా ఇంట్లో ఎవురూ వాడలేదు. మా నాయనకు బొగ్గుపొడే" అంది.

"పాట ఒకసారి పాడండి రూతమ్మగారూ" అన్నాడు జయరావు, సీటు అంచుకు జరిగి.

రూతు గొంతు సవరించుకుంది. వయసు మీద పడినా గొంతు చెక్కుచెదరలేదు. మొదటి రెండు లైన్లు రాగానే జయరావు గుర్తుపట్టాడు. అదే గొంతు. సంత, బెల్లం వాసన, వేడెక్కిన జీపు బానెట్టు మీద పెట్టిన తన చెయ్యి అన్నీ ఒక్కసారి కళ్ళ ముందుకొచ్చాయి. పక్కన పంకజాక్షి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రూతు మూడో లైను అందుకుంది.

"పిల్లా పెద్దా తోమితే
పిప్పిపళ్ళు పోవునండి!"

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"పిప్పిపళ్ళా?" అన్నాడు జయరావు.

"పిప్పిపళ్ళే. ఆ ముక్క గట్టిగా అనాలన్నాడు కంపెనీ ఆయన. జనం బయపడితేనే కొంటారంట."

"కాదండీ" అంది పంకజాక్షి. "మీరు మర్సిపోయినట్టుండారు. పంకజాక్షి నవ్వితే, పచ్చి టెంకాయ తెలుపండి. గుర్తుకు తెచ్చుకోండి."

"పంకజాక్షి ఎవురమ్మా?"

"నేనే. అంటే, నా పేరు. కానీ అది తామరపువ్వు..."

"నువ్వప్పుడు నాకు తెలీదు గదమ్మా. నీ పేరెందుకు పాడతాను?"

"అదే నేనూ అంటా ఉండేది" అన్నాడు జయరావు ఉత్సాహంగా. "జయా జయా అని తోమితే. అట్ల పాడినారు మీరు."

"నీ పేరేంది సార్?"

జయరావు కాఫీ గ్లాసులోకి చూశాడు. "జయరావు."

రూతు ఇద్దర్నీ తేరిపార చూసింది. ఆస్పత్రిలో ముప్పయ్యేళ్ళు రకరకాల మనుషుల్ని చూసిన ఓపికతో, మళ్ళీ మొదట్నించి పాడింది. మళ్ళీ పిప్పిపళ్ళే వచ్చాయి. పంకజాక్షి బల్ల మీద చేత్తో తాళం వేస్తూ సరైన లైను నేర్పించడానికి చూసింది. జయరావు ఇంకో పక్కనుంచి తన లైను అందించాడు. చివరికి రూతు చిక్కుడుకాయల చేట ఒళ్ళోకి తీసుకుంది.

"పాడింది నేనప్పా" అంది మెల్లగా. "మీరు విన్నోళ్ళు."

మెయిన్ రోడ్డు మీదికి వచ్చాక పంకజాక్షే అంది. "పాపం, వయసైపోయినాది ఆమెకు."

"అవునక్కా. మూడు పాటలు కలిపేసినట్టుండాది."

"పిప్పిపళ్ళు! అంత నీచంగా ఎవురన్నా పాట రాస్తారా? పిలకాయలు పాడుకునే పాట."

"నీ టెంకాయైనా కొంచెం నయమక్కా."

"నీ జాజిమల్లెలూ నయమేలేరా. అర్థం లేకపోయినా ఇంపుగా ఉండాది."

అమ్మను చూసి పోదామని పంకజాక్షి కూడా తిరుపతి బస్సే ఎక్కింది. ఈసారి ఇద్దరూ ఒకే సీట్లో కూర్చున్నారు. పూతలపట్టు దాటేసరికి రూతమ్మకు మతిమరుపు వచ్చిందని ఇద్దరూ తేల్చేశారు. పాకాల దాటేసరికి ఆమె కోడి కథ కూడా కట్టుకథేనని అనుమానపడ్డారు. చంద్రగిరి వచ్చేసరికి రెండు నెలల మాటలూ పూర్తయ్యాయి.

ఇంట్లో చంద్రకాంతమ్మ టీవీలో సీరియల్ చూస్తోంది. కొడుకూ కూతురూ కలిసి లోపలికి రావడం చూసి, రిమోటు వెతికి టీవీ చప్పుడు ఆపేసింది. "ఎవురు ముందు మాట్లాడినారు?"

ఇక దాచేదేముందని పంకజాక్షి మొత్తం చెప్పేసింది. చంద్రకాంతమ్మ అంతా వినింది. ఆఖర్న, "ఆ రూతమ్మ పాడిందే రైటు" అంది.

"నీకూ మతిమరుపేనామ్మా?" అన్నాడు జయరావు.

"నాకేం మతిమరుపు లేదు. మనకు చెరుకు ఉండె గదా. గానుగ కాడ మీరు పూటకొక బెల్లం గడ్డ నమిలేవాళ్ళు. పంకజా, నీకు ఆరేండ్లకే ముందర పళ్ళు నాలుగూ నల్లగా పుచ్చిపోయినాయి. ఆ జీపు వచ్చి పిప్పిపళ్ళు అనేసరికి వీధిలో పిలకాయలంతా నిన్ను సూపించి ఒకటే నవ్వు. నువ్వు వడ్లగాదె సందులో దూరి బడికి పోనని కూర్సున్నావు. రెండు దినాలు రాలేదు బయటికి."

పంకజాక్షి చెయ్యి తనకు తెలీకుండానే నోటి దగ్గరికి పోయింది.

"మీ నాయన ఏం సేసినాడు? ఆ పాటనే నీ పేరు పెట్టి తిప్పినాడు. పొద్దన్నే బాయి కాడ నిన్ను కూర్సోబెట్టుకోని, పాడతా పళ్ళు తోమేవాడు."

"నాయనా?" అన్నారు ఇద్దరూ.

వాళ్ళ నాయన నారాయణ ఐరాలలో అందరికంటే తక్కువ మాట్లాడే మనిషి. ఇంట్లో ఆయన దగ్గితే పిల్లలు పుస్తకాలు తీసేవాళ్ళు. ఆయన పోయి పదేళ్ళయింది. ఆయన పాడగా విన్నట్టు వాళ్ళిద్దరికీ ఇప్పుడు గుర్తు లేదు.

"నాయనే. గొంతు సక్కంగా లేదు, అయినా పాడినాడు. తర్వాత మూడేండ్లకు నువ్వు, నాకూ అట్ల పాట కావాలని, కిందబడి పొర్లినావు జయా. పళ్ళు తోముకోమంటే తోముకోవు. నీకింకొకటి కట్టినాడు. బాయి కాడ అది విని, జీపు కూడా నీ పేరే పాడతా ఉండాదని చిన్నబ్బకు సెప్పుకునేవాడివి."

"అది కాదమ్మా" అంది పంకజాక్షి. "నేను జీపు వచ్చినప్పుడు విన్నాను. మన వాకిట్లోనే విన్నాను నా పేరు."

"వింటావు. జీపు మన వీధిలోకి వచ్చినప్పుడు ఆ ముక్క కాడ మైకు గొంతు తగ్గించమని చిన్నబ్బను అడిగినాడు మీ నాయన. అది తగ్గంగానే ఈయన వాకిట్లో నిలబడి నీ ముక్క ఎత్తుకునేవాడు. వీధిలో పిలకాయలు అప్పుడు కూడా నవ్వేవాళ్ళు. నిన్ను సూసి కాదు, ఆయన్ని సూసి. ఆయన దేనికీ పట్టించుకోలేదు. పిలకాయలకు సెప్పబాకండని నాతోనూ చిన్నబ్బతోనూ ఒట్టేయించుకున్నాడు."

టీవీలో ఎవరో అత్తగారు గొంతు లేకుండా కోపంగా నోరు ఆడిస్తోంది.

"అందుకే ఆ ముసలాయన ఇద్దరికీ రైటన్నాడు" అన్నాడు జయరావు.

పంకజాక్షి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ముక్కు తుడుచుకుంది. తర్వాత తమ్ముడి వైపు తిరిగి, "ముందు కట్టింది నాకే" అంది.

"నీకు అవసరం కొద్దీ కట్టినాడు. నాకు ముద్దు కొద్దీ."

"నాకోసం వీధిలో నిలబడి పాడినాడురా. నీకు బాయి కాడ పాడి సరిపెట్టినాడు."

"ఇంకా ఉండాదా మీ పంచాయితీ?" అంది చంద్రకాంతమ్మ. "టీవీకి అడ్డం లేకుండా జరగండి."

గ్రూపులో ఏం పెట్టాలన్నది పెద్ద సమస్య అయింది. నాయన సంగతి నూట నలభై మందికి చెప్పడం ఇద్దరికీ ఇష్టం లేదు. జయరావు ఆఫీసు భాషలో చిత్తు తయారు చేశాడు. పంకజాక్షి అందులో రెండు అక్షర దోషాలు దిద్దింది. 'విచారణలో తేలినదేమనగా, మూడు, నాలుగు లైన్లు: పిల్లా పెద్దా తోమితే, పిప్పిపళ్ళు పోవునండి. జరిగిన అసౌకర్యానికి ఇరువురమూ చింతిస్తున్నాము.' పెట్టిన రెండు నిమిషాలకు దుబాయి ఆయన, 'అయినా అది తలనూనే' అని రాశాడు.

తర్వాత పంకజాక్షికి రూతమ్మ గుర్తొచ్చింది. ఇంటికి పోయి మరీ ఆమె పాటను ఆమెకే దిద్దబోయిన సిగ్గు ఇప్పుడు పట్టుకుంది. ఫోన్ చేసి జరిగిందంతా చెప్పింది. నాయన సంగతి ఆమెకు మాత్రం దాచకుండా చెప్పింది.

"నాకూ ఆ పిప్పిపళ్ళ ముక్క అప్పుడే నచ్చలేదమ్మా" అంది అవతల రూతు. "కంపెనీ ఆయనతో ఎట్ల సెప్తాం? మీ నాయన కట్టిందే బాగుండాది. అదేదో టెంకాయ అన్నావే, ఇంకోసారి సెప్పు. కాగితం తీసుకుంటాను ఉండు."

పంకజాక్షి గొంతు సవరించుకుని మొదలుపెట్టింది. రెండో మాట దగ్గరే జయరావు వచ్చి పక్కన కూర్చుని ఫోన్ లాగాడు.

"రూతమ్మగారూ, నాదీ రాసుకోండి. జ-యా జ-యా. రెండూ దీర్ఘాలే."